ఓవెన్ చల్లారలేదు

పోయిన వారం మనం అత్తగారిని ఆసుపత్రి బ్యాగు మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారు.

మనకి వారం గడిచింది గానీ, బేకరీ వెనక గదిలో గడిచింది ఒక టీ తాగేంత సేపే. ఆ టీ కూడా ఆవిడ బ్యాగు మీద నుంచి లేవకుండానే తాగారు. కప్పు అందించింది కోడలే. యుద్ధం యుద్ధమే, టీ టీయే.

మరిచిపోయినవాళ్ళ కోసం: ఆ బ్యాగు చిట్టిది. చిట్టి అంటే అత్తగారి కూతురు, కోడలికి ఆడపడుచు. పేరుకి చిట్టి గానీ చేసే ఉద్యోగం క్రేను నడపడం. ఆకాశంలో అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని, లారీ అంత ఇనుప దూలాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు కిందికి దింపుతుంది. అదే మనిషి అమ్మ ముందు మాత్రం కుర్చీ కూడా జరపలేదు. పెళ్ళయి కొన్నేళ్ళయింది. నెలసరి ఎప్పుడొస్తుందో, వస్తే ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. అండాశయాల నిండా నీటి బుడగలన్నారు. మాత్రలు మింగింది, బరువు తగ్గింది, మాత్రలు మార్చి మళ్ళీ మింగింది. చివరికి డాక్టరమ్మ చిన్న ఆపరేషన్ చేద్దామంది. ఈ సాయంత్రం చేరాలి, రేపు ఉదయం ఆపరేషన్. చిట్టి భర్త అప్పటికే ఆసుపత్రిలో గది తీసుకుని, గడియారం వంకా గుమ్మం వంకా చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకురండి, ఆవిణ్ణి కొన్ని అడగాలి" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అమ్మగారు రావడం అటుంచి, బ్యాగుని కూడా కదలనివ్వడం లేదు.

ఇందులో తప్పెవరిదని విచారణ పెడితే, మొదటి ముద్దాయి కోడలే.

కిందటి నెల ఒక మధ్యాహ్నం, ఈ ఆపరేషన్ అంటే ఏమిటో అత్తగారికి అర్థమయ్యేలా చెబుదామని ఆమెకి సరదా పుట్టింది. బల్ల మీద బిస్కెట్ పిండి పలచగా పరిచి ఉంది. ఫోర్కు తీసుకుంది. "ఇదిగో అత్తయ్యా, ఇది అండాశయం అనుకోండి. పై పొర దళసరిగా అయిపోయి గుడ్డు బయటికి రావడం లేదు. డాక్టరమ్మ బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టంలాంటి కెమెరా పెట్టి, వేడి సూదితో అక్కడక్కడా ఇలా పొడుస్తుంది. అంతే. మన బిస్కెట్‌కి పొడిచినట్టే" అని నాలుగు పోట్లు పొడిచి చూపించింది. చూపించి, భలే చెప్పానని మురిసిపోయింది కూడా.

ఉపమానం చెప్పేముందు, వినేవాళ్ళకి ఆ పని మనకన్నా బాగా వచ్చేమో చూసుకోవాలి. అత్తగారు పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆ ఓవెన్ ముందే బతికారు. పోటు ఎక్కువైతే బిస్కెట్ ఏమవుతుందో ఆవిడకి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు. పొడిచిన పిండి వంక చాలాసేపు చూసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ చూపుకి అర్థం ఇవాళ బయటపడింది.

"పోటు ఎక్కువైతే విరుగుతుంది" అన్నారు అత్తగారు, ఖాళీ కప్పు పక్కన పెడుతూ. "వేడి ఎక్కువైతే మాడుతుంది. ఒకసారి కాలినదాన్ని మళ్ళీ పిండి చెయ్యగలవుటమ్మాయ్? చేసి చూపించు, నేను లేస్తా."

"అది బిస్కెట్ అత్తయ్యా. ఇది ఒళ్ళు. ఒళ్ళు మానుతుంది."

"పోల్చింది నువ్వే. ఇప్పుడు కాదంటే ఎలా?"

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ చిట్టి నోరు తెరిచింది. "అమ్మా, టాక్సీ వచ్చేస్తుంది."

"రానీ. పిలిచి టీ ఇద్దాం."

గదికి ఆ చివర కోడలి భర్త పిండి పిసుకుతున్నాడు. సాయంత్రం బన్నులకి కావలసిన పిండి ఎప్పుడో అయిపోయింది. అయినా పిసుకుతూనే ఉన్నాడు. ఇంట్లో ఆడవాళ్ళ మధ్య మాట పెరిగినప్పుడల్లా ఆ బేకరీలో బన్నులు దూదిలా వస్తాయని కొనేవాళ్ళందరికీ తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు.

"పోల్చడం తప్పే" అంది కోడలు, స్టూలు లాక్కుని అత్తగారికి ఎదురుగా కూర్చుంటూ. "సరే, పిండి వదిలేయండి. నేనున్నానుగా. పాప పుట్టకముందు నాకు చేసింది ఇదే ఆపరేషన్. నన్ను చూడండి."

"చూస్తున్నానమ్మా. నిన్ను చూసే కదా లేవనంటున్నాను." అత్తగారి గొంతు తగ్గింది. తిట్టేటప్పటికన్నా గొంతు తగ్గించినప్పుడే ఆవిడ ప్రమాదం. "ఆపరేషన్ అయింది. ఏడాది తిరక్కుండా పాప కడుపున పడింది. బంగారంలాంటి పిల్ల, కాదన్నానా? తర్వాత? రెండో కాన్పు కోసం మీరిద్దరూ ఎన్నేళ్ళు చూశారు? ఒక్క ట్రే కాల్చి ఓవెన్ చల్లారిపోయింది. చిట్టి గతీ అంతేనా? అది ఆ ఒక్క ట్రేకైనా నోచుకోకపోతే?"

చిట్టి వదిన వంక చూసి, వెంటనే తన బూట్ల వంక చూసుకుంది. క్రేను ఎక్కేటప్పుడు వేసుకునే బూట్లవి. ఆసుపత్రికీ అవే వేసుకుంది, ధైర్యంగా ఉంటుందని.

చల్లారిన ఓవెన్. కోడలికి ఆ మాట కొత్త కాదు. ఏళ్ళ కిందట ఒక శుభకార్యంలో ఎవరో "రెండోది ఎప్పుడు?" అంటే అత్తగారు, "ఆ ఆపరేషన్‌తోనే దానికి అంతా అయిపోయింది, పాపం" అని జాలిగా చెప్పారు. కోడలు పక్కనే ఉంది. అటుపక్క ఆమె భర్త, మెడ మీద బరువు పడ్డట్టు తల వంచుకుని తన ప్లేటు వంక చూస్తున్నాడు. ఆ మెడ చూశాక ఆమె, "అయ్యుండొచ్చు అత్తయ్యా" అంది. అంతే. చెప్పింది ఒక్క ముక్క. కానీ ఒక్కసారి చెబితే సరిపోయే అబద్ధాలు చాలా తక్కువ. ఆ ముక్క బంధువులందరి ఇళ్ళూ తిరిగి, ముదిరి, లావెక్కి, ఇవాళ వచ్చి ఆడపడుచు బ్యాగు మీద కూర్చుంది.

ఇన్నేళ్ళూ అది ఆమెకి బరువనిపించలేదు. తనకి నిజం తెలుసు, ఆయనకి తెలుసు, చాలుననుకుంది. కానీ తను మోస్తున్నదాన్ని ఇప్పుడు చిట్టి నెత్తిన పెడుతున్నారు. అది కుదరదు.

"అత్తయ్యా, నా ఓవెన్ చల్లారలేదు" అంది కోడలు.

మామూలుగానే అంది. బన్ను మెత్తగా ఉందని చెప్పినట్టే అంది. అయినా పిండి పిసుకుతున్న చప్పుడు కాస్త నెమ్మదించింది.

"ఆపరేషన్ అయిన నెల నుంచీ నాకు నెలసరి తప్పింది లేదు, పాప కడుపున ఉన్నప్పుడు తప్ప. అంతకుముందు నా ఒంటి సంగతి నాకే అంతుపట్టేది కాదు. ఏడాదికోసారి వెళ్ళి చూపించుకుంటూనే ఉన్నా. మొన్న కూడా రక్తం తీసి చూశారు. నా వయసు ఆడదానికి లోపల ఎన్ని గుడ్లు మిగిలి ఉండాలో నాకూ అన్నీ ఉన్నాయట. డాక్టరమ్మ చెప్పి నవ్వింది కూడా, 'మీ అండాశయాలకి మీకన్నా క్రమశిక్షణ ఎక్కువ' అని." ఆమె గడ్డం కాస్త పైకి లేచింది. పరీక్షలో మొదటి మార్కు వచ్చిందని చెప్పే పిల్లలా ఉంది. "అందరికీ ఇలాగే అవుతుందని నేననను. కొందరికి పని చెయ్యదు. కొందరికి కొన్నేళ్ళు బాగుండి మళ్ళీ మొదటికొస్తుంది. అతిగా పొడిస్తే మీరన్నట్టే నష్టం, అందుకే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పోట్లే పొడుస్తారు. ఇవన్నీ చిట్టికి చెప్పారు, అన్నీ విన్నాకే అది ఒప్పుకుంది. కానీ నన్ను చూపించి దాన్ని భయపెట్టకండి. నేను చెడిపోయిన సరుకుని కాను."

అత్తగారు కోడలి మొహంలోకి పరీక్షగా చూశారు. పిండి పులిసిందో లేదో వేలితో నొక్కి చూసే మనిషి ఆవిడ. ఆ చూపు కూడా అలాగే నొక్కుతుంది.

"అయితే రెండోది ఎందుకు పుట్టలేదు?"

అడగాల్సిన ప్రశ్నే. కోడలి దగ్గర జవాబు ఉంది. చెప్పదు. తన గురించి తాను చెప్పుకోవడం వేరు, ఇంకొకరి తలుపు తీయడం వేరు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి, అత్తగారి కళ్ళలోకే చూస్తూ కూర్చుంది.

"చెప్పవేం? అన్నీ బాగుంటే లోపం ఎక్కడుంది మరి?"

పిసుకుతున్న చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"లోపం నాలో ఉందమ్మా" అన్నాడు కొడుకు.

మోచేతుల దాకా మైదాతో అతను బల్ల ఇవతలికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అప్పుడే పుట్టిన బిడ్డని అందుకోబోతున్నట్టు ముందుకి చాచి నిలబడ్డాడు.

"పాపకి గవదబిళ్ళలు వచ్చాయి, గుర్తుందా? దాని నుంచి నాకొచ్చాయి. రెండు బుగ్గలూ బన్నుల్లా అయ్యాయని మీరందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బుగ్గలు కాక ఇంకెక్కడ వాచిందో డాక్టరుకి తప్ప ఎవరికీ చూపించలేదు. తర్వాత రెండో బిడ్డ కోసం పరీక్షలు చేయించుకున్నాం. తనకన్నీ బాగున్నాయి. నాకే లేవు. ఉన్న కాసిని కణాలు కూడా ఎందుకూ పనికిరావన్నారు. ఎవరికీ చెప్పొద్దని నేను అడగలేదమ్మా. తనే చెప్పలేదు. నువ్వు అందరి ముందూ తనని అంటూ ఉంటే నేను బన్నులు చేసుకుంటూ కూర్చున్నాను."

"ఏమండీ, ఇప్పుడెందుకవన్నీ..." అంది కోడలు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? చిట్టికి వయసైపోయాకా?" చెల్లెలి వైపు తిరిగాడు. "ఒసేయ్ చిట్టీ, విను. మీ వదిన ఒళ్ళు చెడలేదు. ఆ ఆపరేషన్ తన పని తాను చేసింది. ఇంకా చేస్తోంది. నీకూ చెయ్యొచ్చు. చెయ్యకపోతే ఇంకో దారి చూద్దాం. కానీ మా ఇద్దరిని చూసి మాత్రం ఆగిపోకు." మళ్ళీ తల్లి వైపు తిరిగాడు. "ఇంత బరువు ఇన్నేళ్ళు మోసి ఒక్కసారి మూలగలేదమ్మా ఈ మనిషి. ఇంకొకరి పెళ్ళామైతే ఈ పాటికి మైకు పెట్టి చెప్పేది."

కోడలికి ఏడుపు రావాల్సిన చోటు ఇదే. రాలేదు. వచ్చిందల్లా ఒక వింత ఆనందం. ఆ మనిషి మెడ ఇవాళ వంగలేదని గమనించింది. ముక్కు మీద మైదా ఉంది, చొక్కా గుండీ ఒకటి ఊడింది, నిలబడిన తీరు మాత్రం మహారాజులా ఉంది. ఈయన నా మొగుడు అని పిలిచి ఎవరికైనా చూపించాలనిపించింది. చూడ్డానికి అక్కడ ఉన్నదల్లా ఆయన తల్లీ చెల్లెలూ. వాళ్ళకి ముందే తెలుసు.

అత్తగారు కొడుకు వంక చూశారు, కోడలి వంక చూశారు.

"ఆ జ్వరానికి తడిగుడ్డలు వేసింది నేనే కదరా" అన్నారు. "అన్నీ నేనే చూశాననుకున్నా." కోడలి వైపు తిరిగి, "నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తావా? నలుగురిలో ఎన్నిసార్లు అన్నానో! ఒక్కసారైనా కసురుకోవచ్చుగా?" అన్నారు.

"కసురుకుంటే మీరు ఊరుకుంటారా అత్తయ్యా? మూడు రోజులు అన్నం మానేస్తారు."

"మానేస్తే మానేశాను. నాలుగు కిలోలు తగ్గేదాన్ని."

చిట్టి కిసుక్కున నవ్వింది. అత్తగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, అమ్మయ్యా అంటూ బ్యాగు మీద నుంచి లేచారు. ఆ బ్యాగు కూడా ఊపిరి పీల్చుకున్నట్టు మెల్లగా పైకి ఉబ్బింది.

వెళ్ళి బ్యాగు అందుకోబోయిన చిట్టి చేతిని ఆవిడ పట్టుకున్నారు. "ఆగు. వాడు చెప్పాక నేను చెప్పకపోతే బాగుండదు. నా పొట్ట మీద కోత చూశారుగా మీరంతా?"

చూడకేం! అడ్డంగా, జానెడు పొడుగున ఉంటుంది. అపెండిక్స్ ఆపరేషన్ అని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"అది అపెండిక్స్ కాదు. నాదీ ఈ జబ్బే. అప్పుడు దానికి ఈ పేరు లేదు. మీ కెమెరాలూ సూదులూ లేవు. పొట్ట కోసి, అండాశయంలోంచి కేకు ముక్క కోసినట్టు ఒక ముక్క కోసి తీసేసి, కుట్టేసేవాళ్ళు. ఏడాదిలో వీడు పుట్టాడు." కొడుకు వైపు చూపించారు. "పుట్టాక మళ్ళీ ఏమీ లేదు. నొప్పులు మాత్రం వచ్చాయి. లోపల ఆ కోసిన చోటల్లా పేగులకీ గొట్టాలకీ అతుక్కుపోయిందన్నారు. పిండి ట్రేకి అతుక్కుపోతుందే, అలా. దాన్ని విడదీయడానికి ఇంకో ఆపరేషన్. అమ్మాయ్, నువ్వు ఫోర్కు తీసుకుని పొడుస్తుంటే నాకు బిస్కెట్ కనపళ్ళేదు. నన్ను పడుకోబెట్టిన ఆ ఆపరేషన్ బల్లే కనిపించింది."

కోడలు గబుక్కున స్టూలు మీద నుంచి లేచింది. అత్తగారి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. "అందుకా మీరు లేవలేదు" అంది. "అత్తయ్యా, ఆ రోజుల్లో కోత వేరు. అతుక్కోవడం అప్పట్లో ఎక్కువ. ఇప్పుడు అసలు లేదనను గానీ, చాలా తక్కువ. మీరొచ్చి ఇదంతా మీ నోటితో డాక్టరమ్మకి చెప్పాలి. ఆవిడ మిమ్మల్ని రమ్మంది కూడా ఇందుకే. ఈ జబ్బు తల్లి నుంచి కూతురికి రావచ్చట. అమ్మకి ఉందా, ఉంటే ఏం చేశారు, తర్వాత ఎలా ఉంది, ఇవన్నీ తెలిస్తే మంచిదంది."

చిట్టి మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది.

"అయితే నాది నీ దగ్గర్నించి వచ్చిందా అమ్మా!" అంది. ఆసుపత్రికి వెళ్ళబోతున్న మనిషిలా లేదు; ఆస్తి కలిసొచ్చిన మనిషిలా ఉంది. "చిన్నప్పటి నుంచీ అందరూ నీ ముక్కు రాలేదు, నీ రంగు రాలేదు, నీ జుట్టు రాలేదనేవాళ్ళు. ఇదిగో, ఇది వచ్చింది! రెండో ఆపరేషన్ అయ్యాక నేను పుట్టానుగా? అదే డాక్టరమ్మతో చెబుదాం. రెండు సార్లు కోసినా మా అమ్మ నన్ను కన్నది, నన్ను సూదితో పొడిస్తే ఏమవుతుందని అడుగుతాను!"

బయట టాక్సీ హారన్ కొట్టింది. కొడుకు మైదా చేతులతోనే బ్యాగు ఎత్తబోయాడు. కోడలు అడ్డుపడి తనే అందుకుంది. చిట్టి అప్పటికే గుమ్మంలోంచి ఒక కాలు బయట పెట్టింది. చాలా రోజుల తర్వాత ఆమె బూట్లు నేలని గట్టిగా తాకాయి.

అత్తగారు కదల్లేదు.

"బ్యాగు దించు" అన్నారు కోడలితో.

"మళ్ళీ ఏమిటత్తయ్యా?"

"దించు."

దించింది. ఆవిడ దాని మీద మళ్ళీ కూర్చున్నారు. ఈసారి కూర్చున్న తీరు వేరు. ఇందాక బ్యాగుని కదలనివ్వకూడదని కూర్చున్నారు. ఇప్పుడు నిలబడి చెప్పలేని మాట చెప్పడానికి కూర్చున్నారు.

"నేను ఆసుపత్రికి రానన్నది కోతకి భయపడి కాదు" అన్నారు. "డాక్టరమ్మ అడుగుతుందని. అడిగితే అబద్ధం చెప్పలేను, దీని ఒళ్ళు బాగుపడాలంటే అబద్ధం చెప్పకూడదు కూడా."

"ఏం అడుగుతుందని?" అన్నాడు కొడుకు. అంతలోనే, ఎక్కడో పాత జ్ఞాపకమేదో తగిలినట్టు ఆగాడు. "అమ్మా... చిట్టి పుట్టినప్పుడు నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. ఏడాది దాకా తీసుకురాలేదు."

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. గుమ్మంలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా ఉన్న కూతురి వైపే చూస్తున్నారు. ఆవిడ గడ్డం పైకి లేచింది. ఓవెన్ తలుపు తీసి, ఒక్కటీ మాడని ట్రే బయటికి లాగేటప్పుడు ఆవిడ మొహం అలాగే ఉంటుంది.

"ఆ రెండో ఆపరేషన్ తర్వాత నాకెవరూ పుట్టలేదు చిట్టీ" అన్నారు. "నిన్ను నేను కనలేదు. ఎంచుకుని తెచ్చుకున్నాను."

బయట టాక్సీ మళ్ళీ హారన్ కొట్టింది.